సంతకాలు నాలుగు వేలు, జవాబు మాత్రం లేదు

ప్రశ్న: మా పిల్లలు చదివే బడి ముందు నుంచే పెద్ద రోడ్డు పోతుంది. బడి వదిలే వేళకే లారీలూ వస్తాయి. ఆర్నెల్ల కిందట రెండో తరగతి బాబును బైకు గుద్దింది. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. ఆ సంగతే మనసులో తిరుగుతుంటే ఒక రాత్రి నిద్ర పట్టక ఫోన్లోనే పిటిషన్ రాసి ఆన్‌లైన్‌లో పెట్టాను. జీబ్రా గీతలు, స్పీడ్ బ్రేకరు, సిగ్నలు, లారీల నిషేధం, ఫుట్‌పాత్, గేటు దగ్గర ఒక పోలీసు, డ్రైవర్లకు అవగాహన శిబిరం... ఇవన్నీ అడిగాను. చివర్లో దేశంలోని అన్ని బడుల ముందూ వేగ పరిమితికి చట్టం చేయాలని కూడా రాశాను. వారంలో 4,216 సంతకాలు వచ్చాయి. లింకును మున్సిపల్ ఆఫీసుకు మెయిల్ చేశాను. మూడు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. మా ఆయన ‘సంతకాలతో రోడ్లు బాగుపడితే ఇంకేం’ అంటున్నారు. పైగా మన పేరు ఎక్కడెక్కడికో వెళ్తుంది, లేనిపోని తలనొప్పి అని ఆయనకు టెన్షన్. సంతకం చేసినవాళ్లేమో గ్రూపులో ‘ఏమైందండీ?’ అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియక చూసి ఊరుకుంటున్నాను. ఇంకో పది వేల సంతకాలు పోగుచేయమంటారా, ఇంతటితో వదిలేయమంటారా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు పంపిన పిటిషన్ రెండుసార్లు చదివాను. ఇంకో పది వేల సంతకాలు వద్దు. వదిలేయనూ వద్దు. మీ పిటిషన్‌కు సంతకాలు తక్కువై కాదు, మొదటి వరుసే దాన్ని దెబ్బతీసింది. ‘సంబంధిత అధికారులకు’ అని మొదలుపెట్టారు. ఆ పేరు గల మనిషి ఏ ఆఫీసులోనూ కూర్చోడు. మీ మెయిల్ తెరిచినవాళ్లు ‘ఇది మన సెక్షన్‌ది కాదులే’ అనుకుని మూసేసి ఉంటారు. అందులో దురుద్దేశం ఉండాల్సిన పని కూడా లేదు. నిజంగానే తమది కాదనుకుని ఉండొచ్చు.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్న సంగతి. కొన్నేళ్ల కిందట మేముండే వీధిలో దీపాలు వెలగడం లేదని అర్జీ పెట్టాను. నూట ఎనభై సంతకాలు. నాలుగు పేజీల వినతిపత్రం. చీకట్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు పడే అవస్థల గురించి నాకు వచ్చిన భాషంతా అందులో ఒలకబోశాను. ఎనిమిది నెలలు గడిచాక ఆ ఆఫీసుకు వెళ్లి అడిగితే, గుమస్తా బీరువాలోంచి కట్ట తీసి దారం విప్పాడు. మొదటి పేజీ మీద కళ్లు పరిగెత్తించాడు. సంతకాల కాగితాలను బొటనవేలితో నోట్ల కట్టలా తిప్పేశాడు. తలెత్తి ఒక్క మాట అడిగాడు: ‘ఏ స్తంభమండీ?’

నా దగ్గర జవాబు లేదు. స్తంభాలకు నంబర్లుంటాయని, రోజూ వాటి పక్కనుంచి నడుస్తూ కూడా నేను గమనించలేదు. ఆ సాయంత్రం టార్చిలైటు పట్టుకుని వీధంతా తిరిగి రాసుకున్నాను. పదకొండు స్తంభాల మీద దీపాలు వెలగడం లేదు. వాటిలో నాలుగు అసలు ఆ ఆఫీసు కిందకే రావు. రెండో అర్జీ అరపేజీ, సంతకాలు ఆరు. పదిహేను రోజుల్లో ఏడు దీపాలు వెలిగాయి. మిగతా నాలుగింటికి ఇంకో ఏడాది పట్టింది, దాని కథ ఇంకోసారి. ఆ రోజు ఆ గుమస్తా మీద ఒళ్లు మండిపోయింది కానీ, తర్వాత ఆలోచిస్తే అతను సరైన ప్రశ్నే అడిగాడు. మనిషిని పంపాలంటే అతనికి నా ఆవేదనతో పనిలేదు, నంబరు కావాలి.

మీ విషయంలో ‘ఏ స్తంభం’ అంటే, ఆ రోడ్డు ఎవరిది? పెద్ద రోడ్డు అంటున్నారు. ఊళ్లోంచే పోతున్నా దాని బాగోగులు మున్సిపాలిటీవి కాకపోవచ్చు. ఎక్కడైనా రోడ్లు కొన్ని స్థానిక సంస్థ చేతిలో, కొన్ని పై ప్రభుత్వం చేతిలో, కొన్ని జాతీయ రహదారుల సంస్థ చేతిలో ఉంటాయి. వేగ పరిమితి నిర్ణయించేది ఒకరు, అమలు చేసేది ఇంకొకరు, రోడ్డు మీద గీత గీసేది మరొకరు. ముందు మున్సిపల్ ఇంజినీరింగ్ సెక్షన్‌కు ఫోన్ చేసి ‘ఈ రోడ్డు మరమ్మతులు ఎవరు చేయిస్తారు?’ అని అడగండి. తమది కాదంటే ఎవరిదో చెప్పమనండి. ఇలా రెండు మూడు ఫోన్లు అయ్యాక ఒక హోదా మీ చేతికి వస్తుంది. ఆ హోదానే పిటిషన్ పై వరుసలో రాయండి.

తర్వాత మీరు అడిగిన ఏడు కోరికలు. ఏడు అడిగితే, ఏడుగురికి ‘ఇందులో నా పని ఒక్కటే, మిగతావాళ్లు కదిలితే చూద్దాం’ అనే వీలు మనమే ఇచ్చినట్టు. ఒక్కటి ఎంచుకోండి. నన్నడిగితే ఎత్తు చేసిన జీబ్రా దారి అడగమంటాను. అంటే దాటే చోట రోడ్డునే కొంచెం ఎత్తుగా, వెడల్పుగా, పైన చదునుగా కట్టి, దాని మీద చారలు వేయడం. ఉత్త గీతలు నాలుగు వానలకు పోతాయి, పోనంతవరకూ డ్రైవర్లు వాటిని లక్ష్యపెడతారన్న భరోసా లేదు. ఎత్తు వస్తే మాత్రం తొక్కని బ్రేకు తొక్కాల్సిందే. సిగ్నలుకు ఖర్చు, సర్వేలు, కరెంటు అంటూ ఏళ్లు లాగుతారు. పోలీసును ఇస్తారు, నెల తిరక్కుండా ఇంకెక్కడికో పంపిస్తారు. ఆ అవగాహన శిబిరాన్ని మాత్రం దయచేసి కొట్టేయండి. మీ ఏడింటిలో వాళ్లు వెంటనే ఒప్పుకునేది అదొక్కటే. ఒక బ్యానరు, నాలుగు ఫోటోలు, ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని ఒక మెసేజి వస్తాయి. మీరు మళ్లీ మొదటికి వస్తారు.

అర్జీలో అసలు భాగం ఇలా ఉంటే చాలు:

‘బడి గేటుకు ఎదురుగా, హెచ్చరిక బోర్డులతో సహా, ఎత్తు చేసిన జీబ్రా దారి ఒకటి వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా వేయించవలసిందిగా కోరుతున్నాం. సాయంత్రం బడి వదిలాక అరగంటలో ఇక్కడ ఇంతమంది పిల్లలు రోడ్డు దాటుతున్నారు, ఇన్ని లారీలు పోతున్నాయి. ఫలానా తేదీన ఒక విద్యార్థి గాయపడ్డాడు. మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

ఆ ‘ఇంతమంది’, ‘ఇన్ని’ అన్నచోట అంకెలు పడాలి. వాటిని మీరే లెక్కపెట్టాలి. ఇద్దరు నిలబడితే చాలు, ఒకరు పిల్లల్ని, ఒకరు లారీల్ని. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీత. మూడు రోజులు చేయండి, అందులో ఒకటి వాన రోజైతే మరీ మంచిది. మీ 4,216 సంతకాల కంటే ఈ మురికి కాగితానికే ఇంజినీరు ముందు ఎక్కువ విలువ ఉంటుంది. ఎందుకంటే తన ఫైల్లో ఆయన రాసుకోవాల్సింది సరిగ్గా అదే. పనిలో పనిగా ఒక వాక్యం చేర్చండి: నడిచేవాళ్లూ వాహనాలూ కలిసి తిరిగే చోట్ల గంటకు 30 కిలోమీటర్లకు మించిన వేగం ఉండకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో వివిధ దేశాల మంత్రులు కలిసి చేసిన ప్రకటన చెప్తోంది. ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ కూడా దాన్ని సమర్థించింది. అర్జీలో ఇది ఉంటే, మీరు అడుగుతున్నది ఒక తల్లి భయంగా కొట్టిపారేసే వీలుండదు.

ఇక సంతకాల సంగతి. 4,216 మందిలో ఆ రోడ్డు దాటేవాళ్లు ఎంతమంది? మీకు తెలియదు. ఆఫీసరుకూ తెలియదు. అక్కడే అనుమానం మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో వేల కిలోమీటర్ల అవతలి మనిషి కూడా జాలిపడి ఒక నొక్కు నొక్కగలడు. అది తప్పు కాదు కానీ, స్థానిక సమస్యకు దాని బరువు తక్కువ. మీ బడి పిల్లల తల్లిదండ్రులు అరవై మంది, పిల్లవాడి తరగతితో సహా పేరు రాసి చేత్తో సంతకం పెట్టిన రెండు కాగితాలు నాకు ఇంతకంటే నయం. స్కాట్లాండ్ పార్లమెంటుకు పిటిషన్ పెట్టడానికి ఒక్కరి సంతకం చాలు. జర్మనీ రాజ్యాంగం 17వ అధికరణం కూడా ప్రతి మనిషికీ ఒంటరిగానైనా, పదిమందితో కలిసైనా అర్జీ పెట్టుకునే హక్కు ఇచ్చింది.

సంఖ్యను నమ్ముకుని దెబ్బతిన్నవాళ్లలో బ్రిటన్ చార్టిస్టులు మొదట గుర్తొస్తారు. మగవాళ్లందరికీ ఓటు, రహస్య బ్యాలెట్, పార్లమెంటు సభ్యులకు జీతం వంటి ఆరు కోరికలతో కార్మికులు మూడుసార్లు మహా పిటిషన్లు పెట్టారు. 1839లో దాదాపు 13 లక్షల సంతకాలు. 1842లో 33 లక్షలు. ఆ కాగితాల చుట్ట సభ తలుపులో పట్టక, విడగొట్టి లోపలికి మోసుకెళ్లాల్సి వచ్చింది. రెండుసార్లూ పార్లమెంటు తోసిపుచ్చింది. 1848లో ఏకంగా 57 లక్షలని ప్రకటించారు. సభ గుమస్తాలు లెక్కపెడితే 20 లక్షల లోపే తేలాయి. వాటిలో విక్టోరియా రాణి పేరిట దొంగ సంతకం ఉంది, సేనాధిపతి వెల్లింగ్టన్ డ్యూక్ పేరిట ఇంకొకటి ఉంది, ‘పగ్‌నోజ్’ (చప్పిడిముక్కు) లాంటి వెక్కిరింత పేర్లున్నాయి. ఇంక సభకు నవ్వడానికి అంతకంటే ఏం కావాలి! నిజంగా తమ పేరు పెట్టుకున్న లక్షలాది మంది కూలీలు ఆ నవ్వుల్లో కొట్టుకుపోయారు. కాబట్టి మీ జాబితాను వేరేవాళ్ల కంటే ముందు మీరే జల్లెడ పట్టండి. ఒకే పేరు మూడుసార్లు, సినిమా హీరోల పేర్లు ఉంటే తీసేయండి. 4,216 కాస్తా 3,700 అయినా ఫర్వాలేదు, గట్టిగా నిలబడతాయి.

చార్టిస్టుల కథ అక్కడే ముగియలేదని కూడా చెప్పాలి. రహస్య బ్యాలెట్ 1872లో వచ్చింది, సభ్యులకు జీతం 1911లో. ఆరింటిలో ఐదు 1918 నాటికి చట్టాలయ్యాయి. అడిగినవాళ్లలో చాలామంది అప్పటికి లేరు. ఇది మీకు ఓదార్పుగా చెప్పడం లేదు. మీ పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు, డెబ్బై ఏళ్ల తర్వాత కాదు.

నాకు ఇష్టమైన ఉదాహరణ న్యూజిలాండ్‌ది. ఆడవాళ్లకు ఓటు కావాలని అక్కడ 1891లో పిటిషన్లు పెడితే 9 వేలకు పైగా సంతకాలు వచ్చాయి. పని కాలేదు. 1892లో దాదాపు 20 వేలు. అప్పుడూ కాలేదు. 1893లో దాదాపు 32 వేలు. అంత పెరగడానికి మంత్రమేమీ లేదు. ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. ఊళ్ల నుంచి వచ్చిన సంతకాల కాగితాలను ఆ ఉద్యమ నాయకురాలు కేట్ షెపర్డ్ ఒకదాని కింద ఒకటి అంటించుకుంటూ పోయి, చీపురు కర్ర ముక్కకు చుట్టింది. విప్పితే 270 మీటర్లు. జాన్ హాల్ అనే సభ్యుడు దాన్ని సభలోకి తెచ్చి, నడిమి దారి వెంట దొర్లించాడు. అది విచ్చుకుంటూ విచ్చుకుంటూ పోయి ఆ చివరి గోడకు దభీమని తగిలింది. ఆ ఏడాది సెప్టెంబరు 19న చట్టం వచ్చింది.

ఇందులో నేను చూసేవి రెండు. ఒకటి, పోయినసారి సంతకం పెట్టినవాళ్లను వాళ్లు వదిలేయలేదు. ఓడిన ప్రతిసారీ తిరిగి వాళ్ల గుమ్మాలకే వెళ్లారు, పక్కింటివాళ్లనూ కలుపుకున్నారు. మీ 4,216 మందిలో పనికొచ్చేవాళ్లు యాభై మంది ఉంటే ఆ యాభై మందే మీ ఆస్తి. వాళ్లలో ఒక రిటైర్డ్ ఇంజినీరు ఉండొచ్చు, ఒక రిపోర్టరు ఉండొచ్చు, ఆ రోడ్డు మీదే లారీ నడిపే డ్రైవరూ ఉండొచ్చు. మీరు వాళ్లను అడిగితే కదా తెలిసేది. రెండోది జాన్ హాల్. లోపల కూర్చున్నవాళ్లలో ఒకరు చేతిలోకి తీసుకోకపోతే ఎంత పొడవు చుట్టైనా వాకిట్లోనే పడి ఉంటుంది. మీ వార్డు నుంచి ఎన్నికైన సభ్యుడో సభ్యురాలో ఉంటారు కదా, వాళ్లకు ఒక కాపీ ఇచ్చి ‘మీరే సభలో ప్రస్తావించాలి’ అనండి. ఆ పేరు వాళ్లకే వస్తే రానివ్వండి, మనకు పోయేదేమీ లేదు.

ఇచ్చే పద్ధతి గురించి క్లుప్తంగా చెప్తాను. లింకు పంపడం అంటే తలుపు తట్టకుండా గుమ్మంలో చీటీ పడేసి రావడం. రెండు కాపీలు తీసుకుని ఐదారుగురు కలిసి వెళ్లండి. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద తేదీతో ముద్ర, నంబరు వేయించుకోండి. ‘పెద్దసారు లేరు, తర్వాత రండి’ అంటే కదలకండి. అర్జీ తీసుకోవడానికి పెద్దసారు ఉండాల్సిన పనిలేదు. నెల చూసి, ఆ నంబరు పెట్టి గుర్తుచేస్తూ ఉత్తరం రాయండి. దానికీ జవాబు రాకపోతే సమాచార హక్కు ఉంది. 1766లో స్వీడన్‌లో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు వందకు పైగా దేశాల్లో చట్టం. అందులో ‘ఎందుకు చేయలేదు?’ అని అడగకండి, కథలు చెప్తారు. ‘ఫలానా నంబరు అర్జీ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, దాని మీద రాసిన నోట్ కాపీ ఇవ్వండి’ అని అడగండి. ఫైలు మీద ఎవరూ ఏమీ రాయకపోతే, ఆ ప్రశ్న వచ్చిన రోజున ఎవరో ఒకరు ఏదో ఒకటి రాయక తప్పదు. అక్కడి నుంచి అది కదులుతుంది.

మీవారి టెన్షన్‌ను నేను తేలిగ్గా తీసుకోను. అర్జీ పెట్టినందుకు జనాన్ని ఖైదు చేసిన రోజులు ఉండబట్టే, రాజుకు అర్జీ పెట్టుకోవడం ప్రజల హక్కనీ, అందుకు కేసు పెట్టడం చెల్లదనీ ఇంగ్లాండ్ 1689లో చట్టంలో రాసుకోవాల్సి వచ్చింది. జపాన్ రాజ్యాంగం 16వ అధికరణం ఇంకో అడుగు వేసి, అర్జీ పెట్టినవాళ్ల మీద ఎలాంటి వివక్షా చూపకూడదంది. భారత రాజ్యాంగం 350వ అధికరణం అయితే దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న భాషల్లో దేనిలోనైనా ఫిర్యాదు చెప్పుకోవచ్చంది. కాగితం మీద ఉన్నదంతా వీధిలో ఉండదు, అది మీకూ తెలుసు. అందుకని కొన్ని జాగ్రత్తలు. అర్జీలో ఏ ఒక్క మనిషినీ నిందించకండి, ఆ బైకు నడిపినవాడినీ, ఆ ఆఫీసరునూ కూడా. మీ పేరు ఒక్కటే పైన పెట్టకుండా ముగ్గురు నలుగురు తల్లిదండ్రుల పేర్లు పెట్టండి. సంతకాల కాగితం మీద ఫోన్ నంబర్లు రాయించకండి. అవి మీ దగ్గర వేరే పుస్తకంలో ఉండాలి. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు కదా. గాయపడ్డ బాబు పేరు, ఫోటో బయట పెట్టకండి, వాళ్ల అమ్మానాన్నలు సరేనన్నా సరే.

దేశమంతటికీ చట్టం అన్నది మంచి కోరికే. కానీ దాన్ని ఈ అర్జీలోంచి తీసేయండి. వీధి ఇంజినీరు చట్టం చేయలేడు. చట్టం చేసేవాళ్లకు మీ గేటు ముందు ఎత్తు దారితో పనిలేదు. రెండూ ఒకే కాగితంలో ఉంటే ఇద్దరూ చదవరు.

ఆ పెద్ద పనికి సంఖ్య నిజంగానే కావాలి. అయితే అది సరైన చోట పడాలి. బ్రిటన్‌లో పార్లమెంటు సొంత వెబ్‌సైటులో పెట్టిన పిటిషన్‌కు 10,000 సంతకాలు దాటితే ప్రభుత్వం జవాబిస్తుంది, లక్ష దాటితే సభలో చర్చకు పరిశీలిస్తారు. ఐరోపా యూనియన్‌లో కనీసం ఏడు దేశాల నుంచి 10 లక్షల మంది కావాలి. మీరు ఎంచుకున్నలాంటి ప్రైవేటు వెబ్‌సైట్లలో ఎన్ని వచ్చినా ఈ గడప దాటినట్టు లెక్క కాదు. మీ చట్టసభకు పిటిషన్ల కమిటీ ఉందా, దాని నియమాలేమిటి అన్నది ముందు చూసుకోండి.

గడప దాటాక కూడా హామీ ఏమీ లేదు. 2019లో ఐరోపా యూనియన్ నుంచి బయటికి పోవద్దని బ్రిటన్‌లో 60 లక్షలకు పైగా జనం సంతకాలు పెట్టారు. చర్చ జరిగింది, ప్రభుత్వం కాదంది, దేశం బయటికి వెళ్లింది. తాగునీటి హక్కు కోసం ఐరోపాలో 16 లక్షలకు పైగా సంతకాలు 2013 డిసెంబరులో అందజేస్తే, తాగునీటి నిబంధనల్లో మార్పు 2020 డిసెంబరులో వచ్చింది. ఏడేళ్లు, అదీ అడిగినదంతా కాదు, కొంత.

మీ కోరికకు బాగా దగ్గరగా ఉన్నది వేల్స్ సంగతి. అక్కడి ప్రభుత్వం 2023 సెప్టెంబరులో జనం మసలే రోడ్ల మీద మామూలు వేగ పరిమితిని గంటకు 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు తగ్గించింది. అంటే మీరు కలగంటున్న చట్టమే దాదాపుగా. దాన్ని రద్దు చేయమంటూ వచ్చిన పిటిషన్‌కు 4 లక్షల 60 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆ దేశ జనాభా 30 లక్షల పైచిలుకు. వేల్స్ చట్టసభ చరిత్రలో అంతకంటే పెద్ద పిటిషన్ లేదు. చట్టం రద్దు కాలేదు కానీ, ఏ రోడ్లను పాత వేగానికి మార్చవచ్చో మళ్లీ చూసుకోమని మరుసటి ఏడాది స్థానిక సంస్థలకు వెసులుబాటు ఇచ్చారు. పిటిషన్ అనే పనిముట్టు మన పక్షాన ఉన్నవాళ్లకే దొరుకుతుందని అనుకోకూడదు. తొందరలో ఉన్న డ్రైవర్లకూ సంతకం పెట్టడం వచ్చు.

నెదర్లాండ్స్‌లో మార్పు నిలవడానికి కారణం వీధులేనని నాకనిపిస్తుంది. 1971లో అక్కడ రోడ్ల మీద 3,000 మందికి పైగా పోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని అలా పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హాఫ్ అనే జర్నలిస్టు రాసిన వ్యాసం నుంచి 1970లలో ‘పిల్లల హత్య ఆపండి’ అనే ఉద్యమానికి ఆ పేరే వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పేట పిల్లలు తమ వీధిలో కార్లు తిరగకుండా మూయించి ఆడుకోవడానికి తామే పోరాడారు. ఒక్కో వీధీ మారుతూ వచ్చింది. కార్ల కంటే నడిచేవాళ్లకు ముందు హక్కుండే నివాస వీధులకు 1976లో చట్టం గుర్తింపు ఇచ్చింది. అప్పటికి అలాంటి వీధి ఎలా ఉంటుందో జనం కళ్లతో చూసి ఉన్నారు. మీ గేటు ముందు ఎత్తు దారి పడి, ఏడాది పాటు ఏ పిల్లవాడికీ దెబ్బ తగలకపోతే, మీ దేశవ్యాప్త పిటిషన్‌లో మొదటి పేరా దానంతట అదే రాసుకుంటుంది. అందాకా దాన్ని పక్కన పెట్టండి.

చివరిగా ఆ గ్రూపు సంగతి. అసలు నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే బెంగ కలిగించింది అదే. ‘ఏమైందండీ?’ అని ఇంకా అడుగుతున్నారంటే వాళ్లింకా ఉన్నారన్నమాట. మీరు ఇలాగే ఊరుకుంటే మరో నెలకు అదీ అడగరు. ఈ పూటే రాసేయండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇలాగే పంపినా సరే:

‘అందరికీ నమస్కారం. మూడు నెలలైనా జవాబు రాలేదు. నేను తప్పు చోటికి పంపాను, అది కూడా లింకు మాత్రమే. ఈసారి కాగితం మీద రాసి, ఆ రోడ్డు ఎవరిదో కనుక్కుని, చేతికే ఇద్దాం. దానికంటే ముందు లెక్క కావాలి. సోమవారం సాయంత్రం బడి వదిలే పావుగంట ముందు గేటు దగ్గర ఉంటాను. లారీలు లెక్కపెట్టడానికి ఇంకొకరు కావాలి. ఎవరొస్తారు?’